వాసెనయు బిరడాయు

తార్నాకలోని మా యింటి మేడమీదికి ఒకప్పుడు లాలాగూడ రైల్వే కార్ఖానా కూత స్పష్టముగా వినబడెడిది. ఆ కూత విని మా నాయనమ్మ తరవాణి కుండ మూతికి కట్టిన గుడ్డ విప్పెడిది. ఆ కూత వినియే నేను పుస్తకములు సంచిలో సర్దుకొని విశ్వవిద్యాలయమునకు బయలుదేరెడివాడను. నిజాము ప్రభుత్వపు పూచీతో నడచిన రైల్వే కంపెనీ 1893వ సంవత్సరమున ఆ కార్ఖానాను నెలకొల్పిన పిమ్మట దాని చుట్టును వెలసిన పెంకుటిండ్ల క్వార్టర్లలో, ఇంజను నడుపువారును, గార్డులును, ఫిటర్లును కాపురముండిన ఆ వరుసలలో, ఆంగ్లో-ఇండియనుల కుటుంబములు కొల్లలుగా నుండెడివి. వారి పిల్లలు పెద్దవారై ఆస్ట్రేలియాకును ఇంగ్లండునకును తరలిపోగా మిగిలిన కొద్దియిండ్లలో నొకదానియందు ఒక వృద్ధురాలు నివసించుచున్నది. వీథివారందరు నామెను ఆంటీ యందురు. మా అమ్మాయికి చిన్ననాట ఇంగ్లీషు చెప్పినందున ఆమెకును మాకును రాకపోకలు కలవు. ఆమెకు నేను సారును. ఈ వయసునను ఆమె నా భార్యకు ఆంటీయే.

నవంబరు నెల ముగియవచ్చిన దన్నప్పుడు ఆ యింటి అటకమీదినుండి ఒక జాడీ దిగును. మన యిండ్లలో ఆవకాయ పెట్టు జాడీ యెట్టిదో అదియు నట్టిదే. నల్లద్రాక్షను శుభ్రముగా తుడిచి చేతితో నలిపి, తగినంత చక్కెరయు, కాచి చల్లార్చిన నీరును, పిడికెడు గోధుమలును, నాలుగు లవంగములును, చిటికెడు ఈస్టును చేర్చి, మూతికి పలుచని గుడ్డ కట్టి, దినమున కొకమారు కొయ్యగరిటెతో కలుపుచు ఇరువదియొక్క దినములు గడపి, వడకట్టి, మాడ్చిన చక్కెరపాకముతో రంగు తెచ్చి, క్రిస్మసునాడు కేకుముక్కతోపాటు బుల్లి గాజుగిన్నెలలో వచ్చినవారి కందిచ్చుట ఆ యింటి ఆచారము. ఈ నగరము చుట్టును ద్రాక్షతోటలు విస్తారముగా నుండిన కాలము నేనెరుగుదును. అనాబ్-ఎ-షాహీ యను తెల్లద్రాక్షకు హైదరాబాదే పుట్టినిల్లని చెప్పుకొనెడివారము. ఆంటీకి మాత్రము ఆ రాజద్రాక్ష పనికిరాదు, నల్లదియే కావలెను. ఆ విషయమున ఆమెతో వాదించి గెలిచినవారు లేరు.

ఒక జూను మాసపు సాయంకాలమున ఆమె నన్ను పిలిచి ఫోనులో నొక ఛాయాచిత్రము చూపినది. ఇంగ్లండులోని మనుమరాలు పంపినది. గాజుజాడీలో నిమ్మచెక్కల నడుమ వెన్నరంగు పూగుత్తులు తేలుచున్నవి.

"చూడండి సారూ, ఈ పిల్ల పువ్వులతో షాంపేన్ చేసిందంట! మా అమ్మ వింటే నవ్వేది. పండు లేకుండా వైనేంటి?"

పండు లేకుండ వైనేమిటి యన్న ఆ ప్రశ్నయే నన్ను పట్టుకొన్నది. పట్టుకొని రెండేండ్లు వదలలేదు.

ఎల్డరు అను నా చెట్టు మన మైదానముల నెరుగదు. ఇంగ్లండులో అది కోరి నాటు వృక్షము కాదు. పొలముల గట్లమీదను, పాడుపడిన గోడల ప్రక్కను, రైలుకట్టల వెంబడిని తనంత తాను మొలచునది. మే నెలాఖరునను జూనునందును అరచేతి వెడల్పున గొడుగువలె విచ్చిన గుత్తులతో పూయును. ఆ పూల పరిమళము మస్కటు ద్రాక్షను తలపించునని త్రాగినవారి మాట. పద్ధతి యతి సులభము. ఒక గాలను, అనగా నాలుగున్నర లీటర్ల నీటిలో ఒకటిన్నర పౌను చక్కెర కరగించి, నాలుగైదు గుత్తులను, రెండు నిమ్మపండ్లను, రెండు చెంచాల వినిగరును వేసి, దినమో రెండుదినములో నానబెట్టి, వడకట్టి, సీసాల కెత్తి, బిరడా బిగించి, రెండువారము లాగుట. పువ్వులను కడుగరాదని మాత్రము పెద్దల హెచ్చరిక. ఆ పూలమీద గాలివాటున చేరియుండు ఈస్టు క్రిములే పానీయమును పొంగించునవి కాబట్టి, కడిగినచో వానిని పారబోసినట్లే యగును.

దీనిని షాంపేన్ అనవచ్చునా యన్నచో అంగడిలో అనరాదు. ఎల్డరుపువ్వు షాంపేన్ అను పేరిట మత్తులేని పానీయము నొకదానిని అమ్మిన ఇంగ్లీషు కంపెనీపై తైతాంజె యను షాంపేన్ సంస్థ దావా తేగా, 1993లో అచ్చటి అప్పీలు న్యాయస్థానము ఆ పేరు షాంపేన్ సీమవారికే చెందునని తీర్పు చెప్పినది. హైదరాబాదు హలీము పేరు ఇతరులు వాడరాదని 2010లో హక్కుపత్రము లభించినప్పుడు సంతసించిన మనము ఆ తీర్పును తప్పుపట్టజాలము. వంటింటిలో నెవరేమని పిలుచుకొన్నను న్యాయస్థానములకు పట్టదు. ఇంట నల్లపిల్లిని 'దొర' యని పిలుచుకొనువారు లేరా?

పేరు సంగతి విడిచి పని సంగతి చూచినకొలదిని నాకు దోచినదొకటి కలదు. పులియబెట్టుట మనకు క్రొత్త కాదు. మా నాయనమ్మ తరవాణి కుండను ఆమె అత్తగారు పెట్టినదట. అన్నపు గంజియు కడుగునీరును దినదినము చేర్చి, దబ్బాకు త్రుంచి వేసి, ఆ పులుపును తరములతరబడి సాగించిరి. తెలంగాణపు పల్లెలలో కలికుండకును అదే మర్యాద. ఇడ్లీపిండి రాత్రికి రాత్రి పొంగి గిన్నె యంచు దాటి గట్టుమీదికి దిగిన దృశ్యము చూడని యిల్లాలు మన దేశమున లేదు. ఇన్నిటికిని మనవారు వాడిన మూత ఒక్కటియే, అది వాసెన. కుండమూతికి కట్టు గుడ్డకు ఆ పేరని నేటి పిల్లలలో పలువు రెరుగరు. ధూళిని, ఈగను లోనికి రానీయదు. లోపలి ఊపిరిని మాత్రము వెలికి పోనిచ్చును. లోపల పుట్టు వాయువుతో మనకు పనిలేదు. పులుపు మనది, పొంగు గాలిది. పడమటివారును వేలయేండ్లు అట్లే చేసిరి. అయితే ఏదో ఒకనాడు వారికి ఆ పోవు గాలిమీదనే మనసు పడి, వాసెన విప్పివేసి బిరడా బిగించిరి. పువ్వుల షాంపేన్ నేర్చుకొనగోరు క్రొత్తవాడు నిజముగా నేర్వవలసినది పువ్వునుగూర్చి కాదు, చక్కెరనుగూర్చియు కాదు. ఏ గడియవరకు వాసెన యుంచవలెనో, ఏ గడియకు బిరడా పెట్టవలెనో, ఆ ఒక్క సంగతియే. ఈ మాట నేనిప్పుడు తెలిసినవానివలె వ్రాయుచున్నాను గాని, తెలియుటకు నాకు రెండు వేసవులును, కొంత గాజును ఖర్చయినవి.

మొదటి వేసవి కథ క్లుప్తముగా చెప్పి తప్పించుకొందును. ఎల్డరు లేదు గనుక దానికి సాటియైన పువ్వొకటి కావలెను. ఉగాది దినములలో ఆర్ట్సు కళాశాలవైపు నడచుచుండగా, 1939లో కట్టుట ముగిసిన ఆ గులాబిరంగు రాతిసౌధమునకు చేరువ వేపచెట్లన్నియు పూతపట్టి యుండెను. చిన్న చిన్న పూవులు, మీగడ తెలుపు, తేనెవంటి పరిమళము. ఛాయాచిత్రములోని పువ్వునకు తమ్ముడే యనిపించినది. తెల్లవారుజామున గుడ్డ పరచి దులుపుకొని తెచ్చి, కడుగకుండనే (తార్నాక బస్సుల దుమ్ము దానిలో నెంత కలదో భగవంతున కెరుక) నిమ్మయు చక్కెరయు చేర్చి వాసెన కట్టితిని. ఆరు దినములైనను ఒక్క బుడగ పైకి రాలేదు. గాదెలలో ధాన్యమునకు పురుగు పట్టకుండ వేపాకు వేయు మనవారి ఆచారము నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఈస్టును ఆ ఆచారమునకే లోబడినదని శపథము చేసి చెప్పజాలను గాని, ఏ పుట్టువునకును చోటియ్యని చెట్టును పుట్టుకయే ప్రాణమైన పనికి పిలిచితినని నాకు సిగ్గు కలిగినది. నా భార్య ఒక చెంచా రుచి చూచి, ఉగాది పచ్చడి సంవత్సరమున కొక్కమారే చాలునన్నది.

ఆంటీ నవ్వి నవ్వి కన్నులు తుడుచుకొని చెప్పినది:

"పువ్వు వాసన కోసం సారూ. పని చేసేది పువ్వు కాదు. అల్లం దంచి వేయండి, నాలుగు కిస్‌మిస్ వేయండి, దానిమీద ఉంటది ఈస్టు. పువ్వే కావాలంటే గులాబీ రేకులు వేసుకోండి. మూత మాత్రం బిగించకండి."

ఆమె చెప్పిన మొదటి నాలుగు మాటలు విని చివరిదానిని విడిచితిని. బిగింపనిచో షాంపేన్ ఎట్లగును?

పువ్వు వాసనకు, పని ఈస్టుకు అన్న ఆ మాట మన వైద్యులకు కొంత వ్యతిరేకముగా నున్నదని నాకు దోచి, గ్రంథములు తిరుగవేసితిని. ఆయుర్వేదమున పులియబెట్టు ప్రక్రియకు సంధానమని పేరు. మూలికలను కాచి కషాయముతో చేసినది అరిష్టము. కాయకుండ చేసినది ఆసవము. ఈ రెంటియందును పొంగు పుట్టించుటకు ధాతకీపుష్పములను వేయుదురు. అనగా పువ్వును ద్రవమునకు దీక్షాగురువుగా నిల్పుట ఇంగ్లండు రైలుకట్టల యజమాను లెవ్వరును మనకు నేర్పనక్కరలేని విద్య. వైద్యుడు పాత్రను నిండుగా నింపడు. పైన కొంత వెలితి యుంచును. మూతికి గుడ్డ చుట్టి మన్ను మెత్తి ధాన్యపురాశిలో నెలదినము లుంచును. తరువాత పాత్రకు చెవి యానించి, లోపలి సడి యణగినదా లేదా యని వినును. వెలుగుచున్న పుల్లను లోనికి చూపి, ఆరిపోయినచో వాయువు ఇంకను పుట్టుచున్నదని గ్రహించును. మనది వట్టి వాసెన జాతి యని పైన తొందరపడి వ్రాసితిని, వైద్యుని మినహాయింపవలెను. ఆయన మూసినాడు గాని, చెవి యొగ్గి మూసినాడు. నాకా చెవి లేకపోయినది.

రెండవ వేసవి, మే నెల. అల్లము, ఎండుద్రాక్ష, నిమ్మ, గులాబిరేకులు. చక్కెర మాత్రము ఇంగ్లీషు లెక్క ప్రకారము గాలనునకు ఒకటిన్నర పౌను. మరునాటికే వాసెన క్రింద చిటపట వినబడెను. ఆ చప్పుడు విన్నంతనే నా హృదయమున పుట్టిన గర్వమును వర్ణించుటకు మాటలు లేవు. బిడ్డ మొదటి మాట పలికినంత సంబరముతో ఇంటివారి నందరిని పిలిచి జాడీకి చెవి యానింపజేసితిని. ఆ రాత్రియే వడకట్టి, షర్బతు త్రాగి కడిగి దాచిన గాజుసీసాలకు మెడవరకు నింపి, మరమూతలు శక్తికొలది బిగించి, వంటింటి చెక్కబీరువాలో పెట్టి తలుపు వేసితిని. రెండువారములని పుస్తకమున నున్నది. ఆ పుస్తకము వ్రాసినవారి వంటింట వేసవిలోను కంబళి కావలెనని నాకు తోపలేదు; మా వంటింట ఆ దినములలో అర్ధరాత్రికిని గోడలు వెచ్చగా నుండెను. ఈస్టునకు మనవలె వేసవి సెలవులు లేవు. ఎండ ముదిరినకొలదిని అది పని హెచ్చించును.

మూడవ రాత్రి రెండు గంటలవేళ మందుగుండు ప్రేలినట్లయినది. ఒకటి కాదు, ఒకదాని వెనుక నొకటి మూడు.

"ఏమండీ, సిలిండరు పేలిందా?"

సిలిండరు ప్రేలలేదు. బీరువా తలుపు క్రిందినుండి అల్లపు పరిమళముగల ఒక కాలువ మెల్లగా ప్రవహించుచు వచ్చినది. తలుపు దట్టమైన టేకుపలక యగుటచే గాజుముక్క యొక్కటియు బయటికి రాలేదు. ఆ తలుపే లేనిచో ఈ వ్యాసము వేరొకరు వ్రాయవలసి వచ్చెడిది. తెల్లవారువరకు ఎవ్వరును ఆ బీరువా తెరువ సాహసింపలేదు. మిగిలిన రెండు సీసాలను గోనెసంచి కప్పి బకెట్టులో పెట్టి పెరటికి మోసికొనిపోయి, ముఖమునకు తువాలు చుట్టుకొని, మూత వదులుచేసిన క్షణమున పైకెగసిన నురుగు జామచెట్టు రెండవ కొమ్మను తడిపినది. షాంపేన్ అట్లే యుండునని సినిమాలలో చూచియున్నాను. ఆ ఒక్క క్షణమున నేను సఫలుడనే.

తప్పెక్కడ జరిగినదో కాగితముమీద లెక్కకట్టి చూచుకొంటిని. ద్రాక్షచక్కెర పులిసి సారమును బొగ్గుపులుసు వాయువును అగు తీరును గే-లుసాక్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1815లోనే సమీకరణముగా నిర్ణయించినాడు. వంద తులముల చక్కెర పులిసినచో దాదాపు ఏబదియొక్క తులములు సారముగను, నలువదితొమ్మిది తులములు వాయువుగను మారును. అనగా మనము పోయు చక్కెరలో సగము గాలికే పోవును. లీటరు ద్రవమున నాలుగు గ్రాముల చక్కెర పులిసిన వాయువును బిగించినచో ఒక వాతావరణపు పీడనము చొప్పున హెచ్చును. నిజమైన షాంపేన్ సీసాలో నుండునది ఆరు వాతావరణములు. మోటారుకారు చక్రములోని గాలికి అది సుమారు మూడింతలు. అందులకై వారు బిరడా వేయుటకు ముందు లీటరునకు ఇరువదినాలుగు గ్రాముల చక్కెర మాత్రము తూచి కలుపుదురు. నేను పోసినది లీటరునకు నూట ఏబది గ్రాములు. అంతయు పులిసియున్నచో ముప్పదియేడు వాతావరణములు! షర్బతు సీసా అంతవరకు వేచియుండక మూడవనాడే తన అభిప్రాయమును తెలియజేయుట న్యాయమే. ఇంగ్లండు చలువలో పులియుట నెమ్మది గనుక, త్రాగువారు ముందే త్రాగి సీసాలను ప్రమాదమునుండి తప్పింతురు. అచ్చటను జూలైలో వెచ్చని దినమొకటి వచ్చెనా, గిడ్డంగులలో సీసాలు ప్రేలునని ఆంటీ మనుమరాలు పిమ్మట చెప్పినది. ముందు చెప్పియుండవలసినది.

నా అవమానమునకు చరిత్రలో తోడు లేకపోలేదు. షాంపేన్ సీమలో పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున నేలమాళిగలలో పనిచేయువారు ఇనుప ముసుగులు ధరించి తిరిగెడివారట. ఒక సీసా ప్రేలినచో ఆ అదురునకు ప్రక్కవియు ప్రేలి, కొన్ని యేండ్లు పంటలో పెద్దభాగము నేలపాలయ్యెడిది. 1836లో షాలోన్ పట్టణమున మందులు నూరు వృత్తిగల ఫ్రాంస్వా అనునాయన ద్రాక్షసారాయములో మిగిలిన చక్కెరను కొలుచు ఉపాయమును ప్రకటించిన తరువాత గాని ఆ పేలుళ్లు తగ్గుముఖము పట్టలేదు. ఇక ఆ నురుగును కనుగొన్నది దోమ్ పెరిన్యోన్ అను సన్న్యాసి యను కథ లోకప్రసిద్ధము. కాని ఆ పుణ్యాత్ముడు తన జీవితమంతయు నురుగును పోగొట్టుటకే పాటుపడినాడు. ఆయన తన మఠమున చేరుటకు ఆరేండ్లు ముందే, 1662లో, క్రిస్టఫర్ మెరెట్ అను ఇంగ్లీషువాడు సీసాలకెత్తునప్పుడు చక్కెర కలిపినచో వైను బుసలుకొట్టునని రాయల్ సొసైటీకి నివేదించియున్నాడు. అతనికి విగ్రహములు లేవు, సన్న్యాసికి కలవు. నురుగువంటి వస్తువునకు కీర్తియు నట్టిదే.

మన గౌడు నడిగియున్నచో ఈ ప్రయాస యేదియు లేకపోయెడిది. మోకు నడుమునకు వేసి తాడెక్కి లొట్టి దింపు మనుష్యుడు రసాయనశాస్త్రము చదువలేదు. కాని గీతనుండి జారునప్పుడు చెరకురసమువలె తియ్యనైన నీరు, చెట్టు దిగునప్పటికే పులియనారంభించునని ఎరుగును. లొట్టిని తోమి కడుగకపోవుట అశుచి కాదు. నిన్నటి కల్లు నేటి కల్లునకు తోడు. తీపి నిలువవలెనన్నచో లోపల సున్నము పూయుటయు నాతడెరుగును, తాటిబెల్లము వండువారు చేయునది అదియే. కాని ఆ లొట్టి మూతిని అతడు బిగించుట నేనెన్నడు చూడలేదు. నురుగు పొర్లిపోవుచున్నను అడ్డుపడడు; త్రాగువాడు మీసములకంటిన దానిని తుడుచుకొనును. ఉదయపు కల్లు ఉదయమే, సాయంత్రపు కల్లు సాయంత్రమే. దాచుకొను నాశ లేనివానికి బిరడా యెందులకు?

బిరడా యను మాటతోనే వేరొక మూత జ్ఞప్తికి వచ్చుచున్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చిన స్త్రీలు కొంగు బిగించి సారాకొట్టు మూయించిరి. ఆ మూత జిల్లాలు దాటి 1993 అక్టోబరు నాటికి రాష్ట్రమంతట సారా నిషేధమై, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధమై, 1997లో తిరిగి వదులైనది. వారి కోపము పులియుటపై కాదు. కౌటిల్యుడంతటి కఠినుడు సురాధ్యక్షుని నియమించి మద్యమును ప్రభుత్వపు గుప్పిటిలో పెట్టియు, గృహస్థులు శుభకార్యములకు తెల్లసురను, ఔషధమునకు అరిష్టమును ఇంట చేసికొనుట కనుమతించినాడు. మన 1968 నాటి ఆబ్కారీ చట్టమున ఆ దాక్షిణ్యము లేదు. లైసెన్సు లేనిదే మత్తుపానీయము చేయరాదు. ఆ రెండు సీసాల నురుగును జామచెట్టునకు సమర్పించుటతో నేను చట్టమునకును, సంసారమునకును ఒకేమారు విధేయుడనైతిని. ఇకపై చేయదలచిన దేదైనను రెండు దినములలో ముగియవలెను, అల్లపు సోడా అనుటకు తగియుండవలెను అని నిశ్చయించుకొంటిని.

సోడా యన్న పదము నోట రాగానే చిక్కు విడిపోయినది. ప్రీస్ట్లీ యను శాస్త్రజ్ఞుడు 1767లో లీడ్సు నగరమున తన యింటి ప్రక్కనున్న బీరుబట్టీలో, పులియుచున్న తొట్టికి పైన నిలిచిన వాయువును నీటిలోనికి పట్టి మొట్టమొదట సోడాను సృష్టించినాడు. కనుక మనము బండివద్ద త్రాగు సోడా వంశమూలమున పులిసిన కుండకు మనుమరాలే. కాడ్ అను ఇంగ్లీషువాడు 1872లో పేటెంటు పొందిన గోలీసీసా ఇంగ్లండులో ఎన్నడో మరుగుపడినను మన వీథులలో నేటికిని కలదు. దానికి బిరడా లేదు, వాసెనయు లేదు. లోపలి వాయువే గోలీని మూతికి నెట్టి తన తలుపు తాను వేసికొనును. ఎంత వాయువున్నదో గోలీని బొటనవ్రేలితో నొక్కి చూచినవానికి తెలియును. బొటనవ్రేలు! వైద్యుడు చెవి యొగ్గెను, సోడాబండివాడు వ్రేలు మోపుచున్నాడు. నేను మాత్రము పుస్తకమున రెండువారములని చదివి తలుపు వేసికొని నిద్రించితిని.

మూడవమారు గాజు మానివేసితిని. చల్లని పానీయముల ప్లాస్టికు సీసాలు రెండు తెచ్చితిని. వాయువు హెచ్చినకొలదిని అవి గట్టిపడును గనుక బొటనవ్రేలితో నొక్కి చూచుటకు వీలు. చక్కెర మూడవవంతునకు తగ్గించి, పైన నాలుగంగుళములు వెలితి యుంచి, వాసెన క్రింద ఒక రాత్రి, మూత క్రింద ఒక పగలు. ఆ పగలు నేను విశ్వవిద్యాలయమునకు పోలేదు. గంట కొకమారు నొక్కుచుంటిని. ఉదయము పదిగంటలకు సీసా చెక్కిలివలె మెత్తగా నుండెను, మధ్యాహ్నము పచ్చిజామకాయ, మూడుగంటలకు నొక్కినను లొంగలేదు. వెంటనే ఫ్రిజ్జిలోనికి చేర్చితిని. చలికి ఈస్టు నిద్రపోవును; చావదు, నిద్రపోవునంతే; కావున నాలుగైదు దినములలో త్రాగివేయవలెను, బయట పెట్టి మరువరాదు. ఈ రెండు మాటలును క్రొత్తగా ప్రయత్నించువారు గోడమీద వ్రాసికొనదగినవి. గాజుసీసాలనుగూర్చి నేను వేరుగా చెప్పనక్కరలేదు.

మరునాటి సాయంకాలము సీసాను తడిగుడ్డలో చుట్టుకొని, తార్నాక కూడలి దాటి, లాలాగూడ క్వార్టర్లకు నడచిపోయితిని. ఆంటీ తన క్రిస్మసు గాజుగిన్నెలు రెండు తీసి తుడిచినది. మూత త్రిప్పినప్పుడు మిరపకాయ పోపులో పడినంత చప్పుడై, సన్నని తెల్లని నురుగు గిన్నె యంచువరకు లేచి, మేము చూచుచుండగానే దిగిపోయినది. గులాబి పరిమళము నాకు తెలిసినది. ఆమెకు తెలిసినదో లేదో. రెండు గుక్కలు త్రాగి, గిన్నె వెలుతురున కెత్తి, బుడగల వరుసను కొంతసేపు చూచినది.

"గ్యాసు బాగా పట్టింది సారూ," అన్నది. "అల్లమే తక్కువైంది."